తాళం గుర్తు చూసి డబ్బు కట్టకమ్మా

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మొన్న కరెంటు బిల్లు ఏ సైటులో కట్టావని అడిగితే, "తాళం గుర్తు ఉంది, సెక్యూరే పెదనాన్నా" అన్నావు. అప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. నేను బ్యాంకులో ఉండగా, డబ్బు పోగొట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లు కూడా ఇదే మాట అనేవారు.

ఆ తాళం గుర్తన్నా, సైటు చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ పక్కనుండే 'ఎస్' అన్నా చెప్పేది ఒకటే. 'ఎస్' అంటే సెక్యూర్ అనే. నీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య నడిచే సమాచారం దారిలో ఎవరూ చదవలేకుండా మారిపోతుందని దాని అర్థం. రైల్వే స్టేషన్ వైఫైలో ఉన్నా పక్కవాడికి నీ పాస్‌వర్డ్ దొరకదు. ఇదేం చిన్న రక్షణ కాదు. ఆ 'ఎస్' లేనిచోట కార్డు నంబరు అసలివ్వకు. కానీ అవతలివాడు నిజాయితీపరుడో కాదో అది చెప్పదు. కవరుకి ఎంత గట్టిగా సీలు వేసినా, దొంగ చిరునామా రాస్తే దొంగకే చేరుతుంది కదా! ఆ 'ఎస్' రావడానికి సైటుకి కావలసిన సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి సంస్థలు ఉచితంగా, నిమిషాల్లో ఇస్తాయి. సైటు తన చేతిలో ఉందని చూపిస్తే చాలు, ఎవరు నువ్వని అడగరు. మోసగాళ్లూ తీసుకుంటున్నారు. జనం తాళాన్ని చూసి సైటునే నమ్మేస్తున్నారని 2023లో గూగుల్ క్రోమ్ చిరునామా పట్టీలోంచి ఆ గుర్తు తీసేసింది.

కాబట్టి పేరు చదవడం అలవాటు చేసుకో. సైటు పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదువు. అసలు యజమాని పేరు ఆ చివరనే ఉంటుంది. ముందు బ్యాంకు పేరుండి చివర ఇంకేదో ఉంటే వెంటనే మూసెయ్యి. రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మారమంది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ అనే సంస్థే. 'డాట్ గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

మెసేజ్‌లో వచ్చిన లింకు నుంచి మాత్రం ఎప్పుడూ డబ్బు కట్టకు. ఎంత తొందరపెట్టినా సరే. ఒకవేళ పోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. డబ్బు చేతులు మారకముందే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత నాకు చెయ్యి, అర్ధరాత్రయినా పర్వాలేదు.

మీ పెదనాన్న