హార్ట్ ఆపరేషన్‌కి నలుగురు బ్లడ్ డోనర్లా? ముందే ఎలా తెలుస్తుంది? – డాక్టర్ సలహా

ప్రశ్న: మా అమ్మకి 66 ఏళ్లు, బరువు 48 కేజీలు, షుగర్ ఉంది. గుండెలోని అయోర్టిక్ వాల్వ్ బాగా బిగుసుకుపోయింది, రెండు బ్లాకులు కూడా ఉన్నాయి, వాల్వ్ మార్చడం, బైపాస్ రెండూ ఒకేసారి చేస్తామన్నారు. హిమోగ్లోబిన్ 9.8, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర వాడుతోంది. నలుగురు డోనర్లని రెడీ చేసుకోమన్నారు. మా బాబాయికి బైపాస్ అయితే ఒక్క బాటిల్ కూడా ఎక్కించలేదు, మరి మాకెందుకు ఇన్ని? అమ్మకి నా బ్లడ్డే ఇవ్వొచ్చా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్లడ్ పేరు చెప్పి బిల్లు పెంచుతున్నారేమో అని చాలామందికి లోపల ఒక అనుమానం ఉంటుందండి, మీరు పైకి అనలేదు గానీ ప్రశ్నలో అది కనిపిస్తూనే ఉంది. మీరు రాసిన రిపోర్టులు చూస్తే మాత్రం నలుగురు అనేది నాకు ఎక్కువ అనిపించలేదు.

మీ బాబాయి సంగతే తీసుకుందాం. ఆయన ఒక 80 కేజీలు, హిమోగ్లోబిన్ 14.5 అనుకోండి, ఒంట్లో ఐదున్నర లీటర్ల రక్తం ఉంటుంది. అమ్మగారికి 48 కేజీలే కాబట్టి మూడు లీటర్లకి కాస్త అటూ ఇటూ. గుండె ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు హార్ట్ లంగ్ మెషీన్‌కి కలుపుతారు కదా, ఆ మెషీన్ పైపులన్నీ ముందే సెలైన్ లాంటి ద్రవంతో నింపి పెడతారు, అది ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా ఉంటుంది, ఇద్దరికీ దాదాపు అంతే. చిన్న గిన్నెడు మజ్జిగలో చెంబుడు నీళ్ళు పోసినట్టు అవుతుంది అమ్మగారి పరిస్థితి. లెక్క వేస్తే బాబాయికి 14.5 కాస్తా 12 దగ్గర ఆగుతుంది, అమ్మగారికి 9.8 కాస్తా 7 దగ్గరికి వచ్చేస్తుంది, అదీ ఒక్క చుక్క రక్తం పోకుండానే. 2017లో వచ్చిన ట్రిక్స్-3 అనే పెద్ద స్టడీలో హార్ట్ సర్జరీ పేషెంట్లకి హిమోగ్లోబిన్ 7.5 కంటే తగ్గినప్పుడే రక్తం ఎక్కించినా, 9.5 దగ్గరే ఎక్కించినా ఫలితాల్లో పెద్ద తేడా లేదని తేలింది, అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఆ 7.5 చుట్టుపక్కలే చూస్తున్నారు. అమ్మగారు మెషీన్ మీదకి వెళ్ళగానే ఆ గీత కిందకి దిగే ఛాన్స్ ఉంది, ఇంక ఆపరేషన్‌లో పోయే రక్తం సంగతి వేరే చెప్పాలా.

ముందే అంచనా వెయ్యడానికి స్కోర్లు కూడా ఉన్నాయి. ట్రస్ట్ స్కోర్ అని కెనడాలో తయారుచేసినది ఒకటి, అందులో ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక పాయింటు: హిమోగ్లోబిన్ 13.5 కంటే తక్కువా, బరువు 77 కేజీల కంటే తక్కువా, ఆడవాళ్ళా, వయసు 65 దాటిందా, క్రియాటినిన్ సుమారు 1.36 దాటిందా, ఎమర్జెన్సీయా, ఇంతకుముందు గుండె ఆపరేషన్ అయిందా, ఒకేసారి రెండు రకాల సర్జరీ చేస్తున్నారా. ఐదు వచ్చినా చాలా ఎక్కువ రిస్క్ కిందే లెక్క, అమ్మగారికి ఆరు వచ్చాయి. అయితే నా అభిప్రాయం ఒకటి చెప్తా, 77 కేజీలు, 13.5 అనే కొలతలు పెడితే మన దగ్గర ఆపరేషన్‌కి వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమందికి మొదటి మూడు పాయింట్లు ఉచితంగా వచ్చేస్తాయి, కాబట్టి ఆ స్కోర్‌ని గుడ్డిగా నమ్మకుండా మనిషి సైజు, హిమోగ్లోబిన్ పెట్టి నేను పైన వేసిన లాంటి లెక్క వేసుకోవడమే నాకు ఇష్టం. ఏ లెక్కయినా అవకాశం ఎంతో చెప్తుంది అంతే, ఆపరేషన్ తర్వాత బ్లీడింగ్ ఆగక మళ్ళీ ఓపెన్ చెయ్యాల్సొచ్చే పేషెంటు ఎవరో ముందు రోజు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది. వయసు, బరువు మార్చలేం, హిమోగ్లోబిన్ మార్చొచ్చు. సర్జన్ గారిని అడగండి, ఆపరేషన్ రెండు మూడు వారాలు ఆగడానికి వీలుందా అని. అమ్మగారికి కళ్ళు తిరిగి పడిపోవడం, రెస్ట్‌లో కూడా ఆయాసం లాంటివి ఉంటే ఆగకూడదు, ఆ నిర్ణయం ఆయనదే. టైమ్ ఉంటే ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ టెస్టులు చేయించి, ఐరన్ తక్కువైతే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మాత్రలతో వారాలు, నెలలు పడుతుంది. దానిమ్మ, బీట్‌రూట్ జ్యూసులతో ఈ గ్యాప్‌లో హిమోగ్లోబిన్ పెరగదు, షుగర్ పెరుగుతుంది.

ఇంకోటి, మలం నల్లగా వస్తోందా అని అమ్మగారిని అడగండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. అయోర్టిక్ వాల్వ్ బిగుసుకున్న కొందరికి పేగుల్లోంచి కొంచెం కొంచెంగా రక్తం పోతుంటుంది, దాన్ని హేడ్ సిండ్రోమ్ అంటారు, పైగా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. కిడ్నీ వల్ల కూడా రక్తం తగ్గి ఉండొచ్చు. 9.8 ఎందుకుందో తెలుసుకోకుండా ఐరన్ ఒక్కటే ఎక్కిస్తే సగం పనే.

క్లోపిడోగ్రెల్‌ని మామూలుగా ఆపరేషన్‌కి ఐదు రోజుల ముందు ఆపుతారు, ఆస్పిరిన్ చాలావరకు కంటిన్యూ చేస్తారు, కానీ స్టెంట్ వేసి ఉంటే కథ మారిపోతుంది, అందుకని మీ అంతట మీరు ఏదీ ఆపకండి. బ్లీడింగ్ తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇస్తారా, పోయిన రక్తాన్ని కడిగి మళ్ళీ ఎక్కించే సెల్ సేవర్ ఉందా అని కూడా అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మీ బ్లడ్ గురించి. డోనర్లు ఇచ్చేది నేరుగా అమ్మగారికి వెళ్ళదు, బ్లడ్ బ్యాంక్‌లో జమ అయి, దానికి బదులు వేరే యూనిట్ వస్తుంది, కాబట్టి గ్రూప్ కలవాల్సిన పని కూడా లేదు. కన్నబిడ్డలు, తోడబుట్టినవాళ్ళ రక్తం నేరుగా ఎక్కిస్తే చాలా అరుదుగా ఆ రక్తంలోని తెల్లకణాలే పేషెంటు ఒంటి మీద దాడి చేస్తాయి, అలా జరిగితే దాదాపు ప్రాణాంతకం, అందుకే అలాంటి రక్తాన్ని ముందు రేడియేషన్ పెట్టి వాడాలి. మీరు జమ కింద ఇవ్వాలంటే మాత్రం మీ హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి, బరువు 45 కేజీలు దాటాలి, ఇదివరకు ఇచ్చి ఉంటే నాలుగు నెలలు, మగవాళ్ళకైతే మూడు నెలలు అయ్యుండాలి. నలుగురు కావాలంటే ఆరుగురికి చెప్పి పెట్టుకోండి, ఒకరిద్దరు బ్లడ్ బ్యాంక్ టెస్టులోనే వెనక్కి వచ్చేస్తారు.