ఉగ్గాణి బండికి ‘క్రంచ్’ అని పేరు పెట్టినవాడి జవాబు

‘మా అమ్మమ్మ నడిపే పునుగుల బండికి కొత్త పేరు, లోగో పెట్టి బ్రాండుగా మారిస్తే గిరాకీ పెరుగుతుందా?’ అని అడిగారు. పెరగదు. ఇంత గట్టిగా చెప్పడానికి నా దగ్గర లెక్కలేమీ లేవు. నా డబ్బుతో చేయించిన ఒక రేకు బోర్డు మాత్రం ఉంది.

మాది ఆదోని. పత్తి మార్కెట్ యార్డుకు వెళ్లే దారిలో మా అమ్మా నాన్నా 26 ఏళ్లుగా బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు అమ్ముతున్నారు. బండికి మేము ఏ పేరూ పెట్టలేదు. వేపచెట్టు కింద ఉంటుంది కాబట్టి హమాలీలే ‘వేపచెట్టు ఉగ్గాణి’ అన్నారు, అదే స్థిరపడింది. 2021లో నేను బెంగళూరు ఉద్యోగాన్ని ఇంటి నుంచే చేస్తున్న రోజుల్లో ఈ బండిని ఉద్ధరించాలని బుద్ధి పుట్టింది.

బోర్డు గీసిన అబ్బాయి పేరులో ‘క్రంచ్’ ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. పక్కన మెలితిప్పిన మీసాల బొమ్మ. ఈ మీసాల పిచ్చి ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ ఊరి టిఫిను బోర్డు చూసినా మీసమో, కళ్లజోడు బామ్మో. మా బండి దగ్గర బజ్జీలు వేసేది అమ్మ, మీసమున్న మనిషి ఉల్లిపాయలు తరుగుతాడు.

మూడో రోజు ఉదయం ఇద్దరు కాలేజీ అబ్బాయిలు వచ్చారు. ఒకడు రెండు ముద్దలు తిని ప్లేటు వెనక్కి జరిపాడు.

‘‘అంకుల్, బొరుగులు మెత్తబడిపోయాయి. వేరేవి ఇవ్వండి.’’

నాన్న మొదట వేళాకోళమనుకున్నాడు. ‘‘ఉగ్గాణి అంటేనే నీళ్లలో తడిపి పిండిన బొరుగులు బాబూ. మెత్తగానే ఉంటుంది.’’

‘‘మరి క్రంచ్ అని రాశారు కదా?’’

నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. నా వైపు తిరిగి, ‘‘అక్కడ ఏమని రాయించావురా?’’ అన్నాడు. చెప్పాను. మూడు రోజులుగా ఆ బోర్డు కింద నిలబడిన మనిషికి దాని అర్థం అప్పటిదాకా నేను చెప్పనే లేదు. ఆయన ఏమీ అనలేదు. బాణలిలోంచి అప్పుడే తీసిన రెండు బజ్జీలు ఆ అబ్బాయి ప్లేటులో వేసి, ‘‘ఇవి కరకరలాడతాయి, తిను’’ అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

మూత ఉన్న అట్టపెట్టెలు కూడా నా తెలివే. వేడి బజ్జీని పెట్టెలో పెట్టి మూత వేస్తే, దాని ఆవిరి దాని మీదే పడి ఇంటికి చేరేసరికి తడిగుడ్డలా అవుతుంది. ఉగ్గాణి మీద చల్లిన పుట్నాల పొడి ముద్దకడుతుంది. పాత వార్తాపత్రికే నయమని అనను. సిరా తిండికి అంటుతుందని, అందులో పొట్లం కట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే చెప్పింది. ఇప్పుడు పార్సిలుకు ఎండు విస్తరాకు, పైన అచ్చులేని కాగితం, పొడి విడిగా చిన్న పొట్లంలో. ఇది మాత్రం జనానికి నచ్చింది.

మీ అమ్మమ్మ బండికి డబ్బు పెట్టాలనే ఉంటే మంచి వెలుతురు, తాగేనీళ్లు, స్టీలు ప్లేట్లు, వాటిని కడగడానికి ఒక మనిషి. నూనె మళ్లీమళ్లీ కాచకుండా ఉంటే ఇంకా మంచిది. పేరు మాత్రం వచ్చే పోయే వాళ్లు ఏమని పిలుస్తున్నారో ఒక వారం అక్కడ కూర్చుని వినండి. దాన్నే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. ఉగ్గాణిని ‘బొరుగుల ఉప్మా’ అని రాసే హైదరాబాదు హోటళ్ల మీద నాకు వేరే కోపం ఉంది, అది ఇంకోసారి.

మా బోర్డు ఇంకా పనిచేస్తోంది. గాలికి మంట ఆరిపోకుండా నాన్న దాన్ని పొయ్యికి అడ్డం పెట్టాడు, మీసాలు లోపలి వైపుకు తిప్పి.