ఫ్లాట్ మీ సొంతమే, ఆ 14 ఈఎంఐల లెక్క తేల్చుకోండి

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తాను. 2018లో నిజాంపేటలో 52 లక్షలకు ఫ్లాట్ కొన్నాను. రిజిస్ట్రేషన్ నా ఒక్కదాని పేరునే. నేను దాచుకున్నవి 7 లక్షలు, నాన్న ఇచ్చినవి 5 లక్షలు, మిగతా 40 లక్షలు లోన్. లోన్‌లో మా వారు కో-అప్లికెంట్. ఈఎంఐ 34,700 నా జీతంలోంచే పోతోంది. పాప పుట్టాక నేను ఉద్యోగం మానేసిన 14 నెలలు మాత్రం ఆయన కట్టారు. ఇప్పుడు ఇద్దరం ఒప్పుకునే విడాకులు తీసుకుంటున్నాం. ‘నీ ఫ్లాట్ నాకెందుకు’ అంటున్నారాయన. అయినా ముందే అమ్మ పేరుకు మార్చెయ్యమని పిన్ని పోరు పెడుతోంది. మార్చమంటారా?

జవాబు: వద్దు. లోన్ తీరకుండా బ్యాంకు ఎలాగూ ఒప్పుకోదు. ఒప్పుకున్నా, విడాకుల ముందు మార్చిన కాగితం దాచిపెట్టినట్టే కనిపిస్తుంది. పైగా రేపు అమ్మ తర్వాత ఆ ఫ్లాట్‌కి మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ వాటాదారులే. పిన్నిగారిది ప్రేమే, కాదనను.

పెళ్లయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో ఇంకొకరికి సగం వచ్చే పద్ధతి మన చట్టంలో లేదు. హిందూ స్త్రీ సంపాదించుకున్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అని 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. లోన్‌లో సంతకం పెట్టినంత మాత్రాన కో-అప్లికెంట్ ఓనర్ అయిపోడు. అయితే భర్త తన సొంత ఆదాయంతో భార్య పేరున ఆస్తి కొనడాన్ని బినామీ చట్టం (ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించేది) మినహాయించింది. అందుకే ‘పేరే ఆమెది, డబ్బు నాది’ అని వాదించే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీవారు ఆ దారి పడతారని అనడం లేదు. ఆయన మంచిగా ఉన్న ఈ రోజుల్లోనే దాన్ని మూసేయమంటున్నాను.

ముందు బ్యాంకుకు వెళ్లి 2018 నుంచి స్టేట్‌మెంట్లు తీసుకోండి. ఆలస్యమైతే పాతవి దొరకడం కష్టం. నాన్నగారి 5 లక్షలు ఆయన ఖాతా నుంచి వచ్చిన ఎంట్రీ, అదే వారంలో బిల్డర్‌కు వెళ్లిన ఎంట్రీ, రెండూ పక్కపక్కన కనిపించే పేజీ ఒకటి ఉంటుంది. నా దృష్టిలో దాని విలువ సేల్ డీడ్‌కు తక్కువేం కాదు. మీ ఐటీ రిటర్నులు కూడా తీసి పెట్టుకోండి. ఆ 14 నెలల వడ్డీని ఆయన తన రిటర్నులో చూపించారేమో నేరుగా అడిగేయండి, ‘డబ్బు నాది’ అనే వాదనకు అదీ పనికొస్తుంది.

ఇక ఆ 14 ఈఎంఐలు. మొత్తం 4,85,800 రూపాయలు. మీరు పాపను చూసుకుంటున్నప్పుడు ఆయన ఇల్లు నడిపారు, అది సంసారం ఖర్చే అని నేనంటాను. కానీ ఒప్పందంలో ఈ మాట లేకపోతే అదే పదేళ్ల తర్వాత గొడవవుతుంది. తిరిగిచ్చేస్తే బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోండి. ఇవ్వనక్కర్లేదని ఆయన అంటే ఆ మాటే రాయించండి. ఫ్లాట్ డోర్ నంబరు, డాక్యుమెంటు నంబరుతో సహా, దానిపై తనకు ఏ హక్కూ లేదని, కట్టిన ఈఎంఐలపై ఏమీ అడగనని ఉండాలి. ఆ ఒప్పందం పిటిషన్‌తో కోర్టుకు చేరాలి, డిక్రీలోనూ (కోర్టు ఇచ్చే విడాకుల తుది ఉత్తర్వులోనూ) రావాలి. మొదటి పిటిషన్‌కూ రెండో మోషన్‌కూ (విడాకులు కావాలని ఇద్దరూ కోర్టులో మళ్లీ చెప్పే దశకూ) మధ్య మామూలుగా ఆరు నెలలు. 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, తగిన కేసుల్లో ఆ గడువును కోర్టు తగ్గించవచ్చు. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. నోటిమాటతో ఆగొద్దనేది అందుకే.

డిక్రీ వచ్చినా బ్యాంకుకు పట్టదు. లోన్‌లో ఆయన పేరున్నంతకాలం మీరు ఒక్క నెల తప్పినా ఆయన సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కడుతున్నారో లేదో చూపే మార్కు) దెబ్బతింటుంది, ఆయనకు ఇంకో లోన్ కష్టమవుతుంది. కాబట్టి ఆయన్ని తప్పించడం ఆయనకే ఎక్కువ అవసరం. మీకు ఇంకా 32 లక్షల పైచిలుకు బాకీ ఉండొచ్చు. మీ జీతం మీద మాత్రమే లోన్ కొనసాగించమని బ్యాంకును అడగండి. కాదంటే కొంత పార్ట్ పేమెంట్ చేసి, లేదా ఇంకో బ్యాంకుకు మార్చి, మీ ఒక్కరి పేరునే తీసుకోండి. ఈ పని రెండో మోషన్‌కు ముందే మొదలుపెట్టాలి.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. విడాకులు అయ్యేదాకా చట్టం దృష్టిలో ఆయన మీ భర్తే. వీలునామా లేకుండా ఈ నెలల్లో మీకేదైనా జరిగితే (అలా కాకూడదు, అయినా చెప్పక తప్పదు) ఫ్లాట్‌లో సగం ఆయనకు, సగం పాపకు వెళ్తుంది. అమ్మానాన్నలకు పైసా రాదు. నాన్న ఇచ్చిన 5 లక్షలు కూడా అందులోనే పోతాయి. ఈ వారమే ఒక తెల్లకాగితం మీద వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టండి. ఆ ఇద్దరూ మీ ఎదుటే సంతకాలు చేయాలి, వాళ్లకు మీరు ఏమీ రాయకూడదు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు నమ్మినవాళ్లను ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలు చేసేవారిగా) పెట్టండి. పీఎఫ్, ఎల్ఐసీ, మ్యూచువల్ ఫండ్లలో నామినీ పేర్లు కూడా అదే రోజు చూసుకోండి. పెళ్లయిన కొత్తలో రాసిన పేరే ఇంకా ఉండి ఉంటుంది.