చిన్నోడా, జిమ్ సంగతి తర్వాత, ముందు ఆ సాయంత్రం ఆరింటి సంగతి చూడు

ఒరేయ్ చిన్నోడా, "జిమ్‌లో చేరిపోతా బాబాయ్, ఇక మాత్రలక్కర్లేదు" అని నిన్న ఫోన్‌లో అన్నావు చూడు, రాత్రంతా అదే ఆలోచన నాకు. చేరు, కాదనను. కానీ హెరాయిన్ లాంటి మత్తు మానేసినవాళ్లకి ఆ యావ తగ్గడానికి డాక్టర్లిచ్చే బ్యూప్రెనార్ఫిన్ మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, అది ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. నడక చేసే పని వేరు, ఆ మాత్ర చేసే పని వేరు.

నేను మద్యం, నిద్రమాత్రలు రెండూ మానేసిన నాలుగో రోజునే పౌరుషానికి పోయి పరుగెత్తాను. దారి మధ్యలో కూలబడ్డాను. అవి ఆపిన తొలిరోజుల్లో ఫిట్స్ కూడా రావచ్చని, అప్పుడు డాక్టర్ కనుసన్నల్లో ఉండాలని నాకప్పుడు తెలియదు. నువ్వు ఆ దశ దాటావు కాబట్టి సరే, అయినా గుండె ఒకసారి చూపించుకునే మొదలుపెట్టు.

మత్తు మానేశాక ఏదీ రుచించడం లేదన్నావు కదా. చాలాకాలం మత్తుకి అలవాటుపడిన మెదడులో డోపమిన్‌ని, అంటే సంతోషానికి, ఉత్సాహానికి పనికొచ్చే రసాయనాన్ని, అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి, అందుకే పాట విన్నా, పిల్లలు నవ్వినా చప్పగానే ఉంటుంది. మెథాంఫెటమిన్ అనే మత్తుమందు మానేసిన కొందరితో 8 వారాలు వ్యాయామం చేయించి స్కాన్ తీస్తే ఆ గ్రాహకాలు పెరిగినట్టు కనిపించింది. అయితే అందులో ఉన్నది 19 మందే. 302 మందితో చేసిన పెద్ద పరిశోధనలో, వ్యాయామం చేసినవాళ్లు మత్తుకి దూరంగా ఉన్న రోజులు మిగతావాళ్లకంటే స్పష్టంగా ఎక్కువేమీ తేలలేదు. ఇది దాచి నిన్ను ఉసిగొల్పడం నాకిష్టం లేదు.

మరి ఎందుకు చెయ్యమంటున్నానంటే, మత్తు కావాలనే ఆ యావ పూనకం లాంటిదిరా, వచ్చినప్పుడు ప్రాణం పోతున్నట్టే ఉంటుంది గానీ చాలాసార్లు అరగంటలోపే దిగిపోతుంది, ఆ అరగంట కాళ్లకి పనిచెబితే చేతులు ఫోన్ మీదికి, పాత నంబర్ల మీదికి పోవు. నీకు అది సాయంత్రం ఆరింటికి వస్తుందన్నావు. సరిగ్గా ఐదూ యాభైకి బూట్లు వేసుకో. పాత దోస్తులు తగిలే దారి వద్దు, ఇంకో దారి చూసుకో. మొదటివారం పది నిమిషాలు చాలు, ఆయాసపడుతూ కూడా మాట్లాడగలిగేంత వేగం. వారానికి 150 నిమిషాలు అని డాక్టర్లు చెప్పే లెక్క నెమ్మదిగా అదే వస్తుంది. నాకైతే ముందు తేడా కనపడింది నిద్రలో, అదీ మూడోవారానికి.

జిమ్‌లో ఎవడైనా కండలకి ఇంజెక్షన్ అంటే అక్కణ్నించి లేచొచ్చెయ్. నడుం పట్టేసి డాక్టర్ దగ్గరికెళ్తే నీ పాత కథ దాచకు, నొప్పి మాత్రల్లో నీకు పడనివి ఉన్నాయి.

ఒకరోజు మానేస్తే మర్నాడు వెళ్లు, ఏడవకు. ఖర్మకాలి మత్తు వైపే జారావనుకో, సిగ్గుపడి దాచకుండా వెంటనే నాకు, డాక్టర్‌కి చెప్పు. పాత మోతాదు మాత్రం ముట్టుకోకు, ఇన్నాళ్లు మానేసిన ఒంటికి ఇప్పుడు అది తట్టుకునే శక్తి లేదు, ఊపిరే ఆగిపోవచ్చు.

రేపు ఐదూ యాభైకి ఫోన్ చేస్తా. బూట్లు వేసుకుని ఎత్తు, నేనూ నడుస్తూనే మాట్లాడతా.

మీ బాబాయ్