ఆ షాపులో చెప్పిన అబద్ధం

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, పొయ్యి మీద బెండకాయ వేపుడు పెట్టి. రెండోసారి ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని. వేపుడు మాడిపోయింది. అది నీ రచన గొప్పతనం అనుకోకు, నా మతిమరుపు.

ముందు నీ టెన్షన్ సంగతి చూద్దాం. "మేడమ్, ఇలాంటి విషయం తెలుగులో రాయొచ్చా?" అని అడిగావు. రాయొచ్చు. (మేడమ్ వద్దు, అక్కా అను. నాది నీ అత్తగారి వయసు, అయినా సరే.) మొగుడూ పెళ్లాం సెలవు పెట్టుకుని, బట్టల్లేకుండా తిరగడం మామూలే అయిన ఒక బీచ్‌కి వెళ్లి, వారం రోజులు పడుకుని, ఈతకొట్టి, తిని, నిద్రపోయి వచ్చారు. ఇందులో రాయకూడనిదేముంది? ఎలా రాయకూడదు అన్నది మాత్రం బోలెడుంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను, దాచుకుని నీకు సలహాలివ్వడం బాగోదు. మీరు వెళ్లిన ఆ కరీబియన్ దీవి సెయింట్ మార్టిన్‌కే, ఆ ఓరియంట్ బేకే మేమూ వెళ్లాం, 2012లో ఒకసారి, 2015లో మళ్లీ. అప్పటికింకా బీచ్ దక్షిణపు కొసన క్లబ్ ఓరియంట్ ఉండేది, నేచురిస్టుల కోసమే, అంటే నలుగురిలో బట్టల్లేకుండా గడిపేవాళ్ల కోసమే నడిచే రిసార్ట్, చెక్కతో కట్టిన చిన్న చిన్న ఇళ్లు, గుమ్మం దాటితే ఇసుక. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా తుఫాను దాన్ని ఊడ్చేసింది, మళ్లీ కట్టలేదు. రెండోసారి వెళ్లొచ్చాక నేనో కథ రాశాను. సముద్రం ఉంది, గాలి ఉంది, మా ఆయన పుస్తకం మొహం మీద బోర్లించుకుని నిద్రపోవడం ఉంది. ఒక్కటే తేడా, అందరికీ బట్టలు తొడిగేశాను. నాకైతే ఏకంగా చీర కట్టాను. కథ అచ్చయింది, బాగుందన్నారు, కానీ ఇప్పటికీ అది చదువుతుంటే నాకు ఇస్త్రీ పెట్టె వాసన వస్తుంది.

ఇక నీ పేజీల్లోకి వద్దాం.

మొదటి నాలుగు పేజీలూ మూడేళ్ల కిందటి మీ మొదటి ప్రయాణం. టవల్ వదల్లేకపోవడం, ఎవరైనా చూస్తున్నారేమోనని భయం, తీరా ఎవరూ చూడకపోవడం, సాయంత్రానికి అలవాటైపోవడం. బాగానే రాశావు. కానీ అలాంటి చోటికి వెళ్లిన ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది, ఎందుకంటే మొదటిసారి అందరికీ జరిగేది అదే. నువ్వు రాస్తానన్నది మళ్లీ వెళ్లడం గురించి కదా. మళ్లీ వెళ్లినప్పుడు ఆ భయం లేదు, అసలు కథ అనదగ్గదే ఏమీ జరగలేదు, అందుకే అయిదో పేజీ నుంచి నీకు చెయ్యి ఆడక "హాయిగా" అన్న మాట పట్టుకుని వేలాడావు. లెక్కపెట్టాను, పద్నాలుగు సార్లు. హాయిగా పడుకున్నాం, హాయిగా ఈదాం, గాలి హాయిగా వీచింది. నాకు మాత్రం ఒక్కసారీ హాయి అనిపించలేదు, సారీ.

ఒక్కచోట అనిపించింది. ఏడో పేజీలో, కుర్చీలకీ గొడుగుకీ అద్దె కట్టడానికి మీ ఆయన వెళ్లాడు, నెత్తిన టోపీ, కాళ్లకి చెప్పులు, అంతే. మిగిలిన యూరో నాణేలు చేతిలో పెడితే ఆయన చెయ్యి అలవాటుగా తొడ పక్కకి వెళ్లి, అక్కడ జేబు లేదని తెలిసి, తిరిగొచ్చి, కాసేపు ఏం చెయ్యాలో తోచక చివరికి నాణేలు టోపీలో వేసుకున్నాడు. ఈ ముక్క నువ్వు బ్రాకెట్లో పెట్టావు! బ్రాకెట్లు తీసెయ్, దానికి ఒక పేరా ఇవ్వు. మొదటిసారి వెళ్లినవాడు ఒళ్లు దాచుకోవడానికి చేతులు వాడతాడు. రెండోసారి వెళ్లినవాడికి ఒంటి సంగతే గుర్తులేదు, జేబే గుర్తుంది. నువ్వు పద్నాలుగు హాయిల్లో చెప్పలేనిది మీ ఆయన చెయ్యి చెప్పేసింది.

మాటల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఒకచోట నగ్నం, ఒకచోట దిగంబరం, ఇంకోచోట న్యూడ్, మరోచోట "ఒంటి మీద నూలుపోగు లేకుండా". ఒకే సంగతికి నాలుగు మాటలు, నాలుగు రకాల మొహమాటాలు. నగ్నం అన్న మాటని మనం సత్యానికి తగిలించి తగిలించి అరగదీశాం. దిగంబరం అనగానే జైన సన్యాసులో, 1965లో తెలుగు కవిత్వం మీద విరుచుకుపడ్డ ఆ కుర్రకవులో గుర్తొస్తారు, కుర్చీలో వాలి సుడోకు చేసుకుంటున్న మీ ఆయనకి అంత బరువెందుకు? నూలుపోగు లేకుండా అంటే వారపత్రిక సీరియల్లో ఇక ఏదో జరగబోతోందని. న్యూడ్ అంటే సినిమా పోస్టరు. దిసమొల మంచి మాటే, కానీ దాన్ని మనం చంటిపిల్లలకీ మతిలేనివాళ్లకీ వాడతాం, కావాలంటే ఒక్కసారి నవ్వు కోసం వాడుకో. మిగతా అన్నిచోట్లా "బట్టల్లేకుండా" అను, చాలు. అది కూడా తరచూ అనకు. ఒకసారి చెప్పేశాక పాఠకుడికి గుర్తుంటుంది, ప్రతి వాక్యంలో మళ్లీ విప్పక్కర్లేదు.

నేచురిజం అంటే ఏమిటో వివరిస్తూ పేజీన్నర రాశావు, అది రెండు మూడు వాక్యాలకి తగ్గించు. 1953లో ఫ్రాన్స్‌లోని మోంటాలివేలో నేచురిస్టుల అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. 1974లో ఫ్రాన్స్‌లోనే ఆగ్ద్ అనే ఊళ్లో వాళ్లు రాసుకున్న నిర్వచనంలో నలుగురిలో నగ్నంగా ఉండటంతో పాటు తన మీదా, ఎదుటివాళ్ల మీదా, పర్యావరణం మీదా గౌరవం అన్న మాటలున్నాయి. ఇంతవరకూ చెప్తే చాలు. ఇది శృంగారం కోసం పెట్టిన చోటు కాదని పాఠకుడికి నమ్మకం కలగాలంటే నిర్వచనం కన్నా, ఎక్కడ కూర్చున్నా ముందు నీ టవల్ పరుచుకుని కూర్చోవాలన్న అక్కడి పద్ధతే బాగా పనికొస్తుంది. అంత బోరింగ్ రూల్ ఉన్నచోట ఎవరికీ వేరే ఆలోచన రాదు.

"మన సంస్కృతిలో ఇలాంటివి ఊహించలేం" అన్న వాక్యం మాత్రం నేనే కొట్టేశాను, క్షమించు. మా నాయనమ్మ పోయేదాకా రవిక తొడగలేదు. వీధి అరుగు మీద కూర్చుని, పైట అలా వేసుకుని, వచ్చేపోయే వాళ్లందరినీ పలకరించేది. ఆవిడ్ని చూసి సిగ్గుపడింది మా నాన్న తరం, అదీ పట్నంలో ఉద్యోగాలొచ్చాక. నీకూ అలాంటి ముసలమ్మ ఒకరు ఉండే ఉంటారు, మీ అమ్మని అడుగు.

ఇక తప్పులు. ఎనిమిదో పేజీలో "సూర్యుడు సముద్రంలోకి మెల్లగా జారిపోయాడు" అన్నావు. అమ్మా, ఓరియంట్ అంటేనే తూర్పు! ఆ బీచ్ అట్లాంటిక్ వైపు చూస్తుంది, అక్కడ సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు, సాయంత్రం వెనకాల కొండల మీదుగా పోతాడు. పుట్టి పెరిగింది భీమిలి, సముద్రంలో సూర్యోదయం చూస్తూ పెరిగినదానివి, డాలస్ వెళ్లగానే సూర్యుణ్ణి పోస్టుకార్డుల్లో చూడటం మొదలుపెట్టావా? ఇంకో మాట చెప్తాను, సరదాగా ఉంటుంది. నేనిప్పుడు ఉంటున్న విజయనగరం, మీ ఓరియంట్ బీచ్, రెండూ భూమధ్యరేఖకి పైన దాదాపు 18 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. నీ వీపు కాలిపోయిందని రాశావే, ఆ ఎండ మనకి కొత్తది కాదు, మన ఎండే. కొత్తగా తగిలింది దానికి ఎప్పుడూ కనపడని చోట్ల. ఇది వాడుకుంటావో మానేస్తావో నీ ఇష్టం.

బీచ్ దగ్గర చెట్టు మొదలుకి ఎర్ర పట్టీ వేసి ఉంది, ఎందుకో తెలీదు అని వదిలేశావు. అలా వదలకు! ఆ ఎర్ర పట్టీ మాంచినీల్ చెట్టుకి వేస్తారు. కాయ తింటే ప్రమాదం, పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, వానలో దాని కింద నిలబడినా ఆకుల మీదనుంచి జారే నీళ్లు ఒళ్లు మండిస్తాయి. బట్టల్లేని మనిషికి ఇది మామూలు విషయమా? పైగా ఆ పేరు వినగానే మన చెవికి మంచినీళ్లు అనిపిస్తుంది. పచ్చి విషానికి మంచినీళ్ల పేరు, ఇంత మంచి సంగతి కాళ్ల దగ్గర పెట్టుకుని 1648 ఒప్పందంతో ద్వీపాన్ని ఫ్రాన్సూ డచ్చివాళ్లూ ఎలా పంచుకున్నారో రెండు పేరాలు రాశావు. 87 చదరపు కిలోమీటర్ల దీవిలో రెండు దేశాలు, సరిహద్దు దాటేటప్పుడు ఆపి అడిగేవాళ్లు లేరు, అంతవరకూ చాలు.

సముద్రపు నాచు సంగతి దాచావని నా అనుమానం. 2011 నుంచీ ఆ సర్గాసం కరీబియన్ దీవుల అట్లాంటిక్ ఒడ్డులకి గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తోంది, కుళ్లితే కోడిగుడ్డు కుళ్లిన కంపు. నీ వ్యాసంలో ఒకచోట "ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయాం" అని ఉంది, కారణం లేదు. నాచు వల్లేనా? అయితే రాయి. కంపు కూడా ఉన్న చోటికి మళ్లీ డబ్బులు పెట్టుకుని వెళ్లారంటే అక్కడేదో ఉందని నమ్ముతాను.

ఇర్మా గురించి నువ్వు రాసిన పేరాలో "చెట్లు కూడా బట్టలు విప్పేసినట్టు నిలబడ్డాయి" అని ఉంది. కొట్టెయ్. తెలివైన వాక్యమే, అందుకే కొట్టెయ్. గంటకి 285 కిలోమీటర్ల గాలి అది, ఇళ్లు పోయినవాళ్ల మధ్య ఆ చమత్కారం నిలబడదు. పైగా నీకు దాని అవసరమే లేదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు విశాఖలో ఉన్నానని చెప్పావు. మర్నాడు పొద్దున కిటికీ తీస్తే ఏం కనపడింది? ఆకు లేని కొండని చూసినదానివి నువ్వు. ఆ దీవిలో ఇప్పటికీ పునాదులు మాత్రం మిగిలిన చోట నువ్వెందుకు అంతసేపు నిలబడ్డావో దానితోనే తెలుస్తుంది.

మనుషుల గురించి. పక్క కుర్చీలో ముసలి దంపతుల్ని వర్ణించావు, ఆయన మోకాలి ఆపరేషన్ గీత, ఆవిడ పొట్ట మీద పాత కుట్లు, ఒకరి వీపుకి ఒకరు క్రీము రాసుకోవడం. అందంగా ఉంది. కానీ వాళ్ల ఊరు, ఆయన చేసిన ఉద్యోగం, పచ్చబొట్టు మీది పేరు కూడా రాశావు, ఎందుకు? అక్కడ ఫోన్ పైకెత్తితే ఎవరూ ఊరుకోరు, ఆ సంగతి నువ్వే రాశావు, మరి పెన్నుతో ఫోటో తీస్తే ఫరవాలేదా? కుట్లు ఉంచు, ఊరు తీసెయ్.

అదే ప్రశ్న ఇంట్లో కూడా. మీ ఆయనకి చూపించావా ఇది? ఆయన బొజ్జ గురించి రెండుచోట్ల ఉంది, నవ్వొచ్చింది నాకు, ఆయనకి వస్తుందో లేదో. ముందు చదివించు. వద్దన్నది తీసెయ్, అలిగి కాదు, మామూలుగా. కలం పేరు పెట్టుకోనా అన్నావు, పెట్టుకో, తప్పేం లేదు, ఒకప్పుడు మన పత్రికల్లో మగవాళ్లే ఆడవాళ్ల పేర్లతో రాశారు. అత్తగారి వాట్సాప్ గ్రూపుకి భయపడి మాత్రం ఏ వాక్యమూ మార్చకు, అలా మార్చినవి నేను కనిపెట్టేస్తున్నాను, ఆవిడా కనిపెట్టేస్తుంది.

చివరికి అసలు సంగతి. పదో పేజీ చివర, వెళ్లిపోయే ముందు రోజు షాపింగ్ అంటూ మూడు వాక్యాలున్నాయి. డచ్ వైపు ఊరు ఫిలిప్స్‌బర్గ్‌లో ఫ్రంట్ స్ట్రీట్, నగల దుకాణం. ఆ వీధిలో సింధీ షాపులు చాలానే ఉన్నాయి, నేనూ చూశాను. కౌంటర్ దగ్గర పెద్దాయన మిమ్మల్ని చూసి సంతోషపడి, హిందీలో, ఎక్కడినుంచమ్మా, ఎన్నాళ్లుంటారు, ఎక్కడ దిగారు అని అడిగాడు. నువ్వు డచ్ వైపు ఉన్న ఏదో హోటల్ పేరు చెప్పావు. బయటికొచ్చి ఇద్దరూ నవ్వుకున్నారు. అంతే, తర్వాతి పేరా ఎయిర్‌పోర్టు.

అక్కడే ఆగిపోయాను నేను. వారం రోజులు వందమంది మధ్య బట్టల్లేకుండా తిరిగి ఒక్కసారీ సిగ్గుపడని మనిషివి, చుడీదార్ వేసుకుని, చున్నీ కూడా సర్దుకుని (చున్నీ సంగతి నువ్వే రాశావు), ఒక్క ప్రశ్నకి కంగారుపడిపోయావు. దాన్ని ముందుకి తెచ్చేసి అక్కడ మొదలుపెట్టు. జేబు, చెట్టు, నాచు, హుద్‌హుద్, అన్నీ దాని వెనకాలే వస్తాయి, వరసగా రావాల్సిన పని లేదు.

కొన్ని నాకు తెలియాలి. ఆయన అడిగిన మాటలు ఆయన హిందీలోనే రాయి, తెలుగు లిపిలో. చెప్పిన హోటల్ పేరు నీకు అప్పటికప్పుడు ఎలా తట్టింది? ఎక్కడైనా బోర్డు చూశావా, ముందే అనుకుని పెట్టుకున్నావా? నువ్వు అబద్ధం చెప్తుంటే మీ ఆయన ఎటు చూశాడు? బయట నవ్వుకున్నారు సరే, ఎవరు ముందు ఆపారు?

రెండో డ్రాఫ్ట్ ఉగాదిలోపు పంపు. ఏడు పేజీలు మించితే చదవను.

ఉంటాను,
అక్క