పిస్టల్ కొనేముందు రేంజిలో రెండు పూటలు

చిరంజీవి అబ్బాయికి,

గ్రీన్ కార్డులు వచ్చాయి, ఇంట్లో ఒక పిస్టల్ పెట్టుకుందామనుకుంటున్నాం, గ్లాక్ 19 తీసుకోమంటావా, సిగ్ పీ365 తీసుకోమంటావా అని రాశావు. రెండూ మంచివే. కొట్టు బల్ల దగ్గర చేత్తో పట్టుకుని చూస్తే మాత్రం ఏమీ తేలదు. చెప్పుల కొట్లో కూర్చుని తొడుక్కుంటే అన్నీ సరిపోతాయి, నాలుగు వీధులు నడిచాకే ఎక్కడ కరుస్తుందో తెలుస్తుంది. కాబట్టి ముందు రెండు పూటలు రేంజిలో, అంటే తుపాకీ పేల్చి గురి నేర్చుకునే చోట, అద్దెకు తీసుకుని పేల్చి చూడండి. చాలా రేంజిల్లో ఒకే అద్దె మీద తుపాకులు మార్చి మార్చి ఇస్తారు, తూటాలు మాత్రం వాళ్ల దగ్గరే కొనాలంటారు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మీతో ఉంటున్న మీ తమ్ముడు ఇంకా ఎఫ్1 చదువు వీసా మీదే ఉన్నాడు కదా. ఎఫ్1, హెచ్1బి, హెచ్4 లాంటి తాత్కాలిక వీసాల వాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని మాత్రమే ఉన్నాయి. రేంజిలో అద్దె పిస్టల్‌తో పది రౌండ్లు, అంటే పది తూటాలు, పేల్చడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. ఆదివారం సరదా అని వాణ్ణి వెంటబెట్టుకెళ్లకు. రేపు కొన్నాక తుపాకీ పెట్టె తాళం నంబరు కూడా వాడికి తెలియకూడదు.

రేంజికి మీ దంపతులిద్దరూ కలిసే వెళ్లండి. ఒంటరిగా వచ్చిన కొత్తవాళ్లకు చాలా చోట్ల అద్దెకివ్వరు, ఆత్మహత్యల భయం వాళ్లది. వారం మధ్యలో పొద్దున పూట అయితే ఖాళీగా ఉంటుంది, అక్కడి మనిషి పక్కన నిలబడి చూపించడానికి తీరిక ఉంటుంది. చెవులకు రెండు పొరలు ఉండాలి. లోపల నురుగు బిరడాలు, వాటి పైన చెవులు కప్పే మఫ్‌లు. కొత్తవాళ్లు ఉలిక్కిపడేది పేలినప్పుడు పిస్టల్ చేతిని తన్నే తన్నుకని అందరూ అనుకుంటారు గానీ, నాలుగు గోడల మధ్య సగం పైగా చప్పుడుకే. కళ్లద్దాలు తప్పనిసరి. చొక్కా మెడ దాకా మూసి ఉండాలి. అమ్మాయిని వెడల్పు మెడ కుర్తీ వేసుకోవద్దను. పేలిన తూటా ఇత్తడి గుల్ల కాలుతూ వచ్చి మెడలో పడుతుంది. ఆ చురుకుకు పెద్ద నష్టం లేదు, కానీ దాన్ని తీసుకోబోయి చెయ్యి పిస్టల్‌తో సహా పక్క లేను వైపు తిరుగుతుంది. అసలు ప్రమాదం అక్కడుంది. అమ్మాయి కడుపుతో ఉంటే మాత్రం ఈ పని కాన్పయ్యాక చూసుకోండి, సీసపు పొగా చప్పుడూ రెండూ బిడ్డకు మంచివి కావు.

నాలుగు సూత్రాలు నోటికి రావాలి. ప్రతి తుపాకీ నిండి ఉన్నట్టే లెక్క. నాశనం చెయ్యదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనకాల ఏముందో తెలిసి ఉండాలి. చిన్నపిల్లలకు చెప్పినట్టుంది అనిపిస్తుందేమో గానీ, వీటిలో రెండు ఒకేసారి తప్పితేనే మనిషికి తగిలేది.

బల్ల దగ్గర చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పిడి పట్టుకున్నప్పుడు గొట్టం మోచేతి ఎముకతో ఒకే గీత మీద ఉండాలి. అలా ఉంచి చూపుడు వేలు చాస్తే మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద పడాలి. వేలి కొన మాత్రమే అందితే పిడి పెద్దది. రెండో కణుపు దాకా దూరితే చిన్నది. కొన్నిటికి వెనక పట్టీలు మార్చుకోవచ్చు, అడుగు. తర్వాత స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం, వెనక్కి లాగి చూడమను అమ్మాయిని. రెండు వేళ్లతో చెవి మెలిపెట్టినట్టు లాగితే ఎవరి వల్లా కాదు. స్లైడ్‌ను ఎడమ అరచేత్తో పైనుంచి గుప్పిట పట్టి, కుడిచేత్తో పిడిని ముందుకు నెట్టాలి. అప్పటికీ కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ అడిగి చూడండి, దాన్ని చేసిందే ఆ ఇబ్బంది కోసం. దాని పిడి వెనక ఒక మీట ఉంటుంది. అరచేత్తో అది పూర్తిగా నొక్కుకోకపోతే పేలదు. ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి చూడాలంటే ముందు అనుమతి అడగడం మర్యాద. పాయింట్ 22 అనే బుల్లి తూటా పిస్టళ్లను మాత్రం ఖాళీగా నొక్కకపోవడమే మంచిది.

మీ కళ్లలో ఏది పెత్తనం చేస్తుందో ఇంట్లోనే చూసుకోండి. రెండు చేతులూ చాచి బొటనవేళ్ల మధ్య చిన్న కంత చేసి, అందులోంచి గోడ గడియారాన్ని చూడాలి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే పెత్తనపు కన్ను.

ఇక పేల్చే వరస. మొదటి తుపాకీ 9ఎంఎం తూటాది వద్దు. రూగర్ మార్క్ 4 లాంటి పాయింట్ 22తో చెరో ఇరవై రౌండ్లు పేల్చండి. తన్ను నామమాత్రం, చప్పుడు తక్కువ, పట్టూ గురీ కుదురుతాయి. తర్వాత గ్లాక్ 19, ఆ తర్వాత పీ365, షీల్డ్ ఈజీ. చివర్న స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్‌తో అయిదంటే అయిదు రౌండ్లు చాలు. ‘ఆడవాళ్లకు చిన్న రివాల్వర్ తేలిక’ అని కొట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నాలుగు వందల గ్రాముల పైచిలుకు తూగుతుంది, ట్రిగ్గర్ లాగడానికి అయిదు కిలోల బలం కావాలి. తుపాకీ ఎంత తేలికైతే అదే తూటా చేతిని అంత గట్టిగా తన్నుతుంది. అరకిలో పీ365 కంటే ఖాళీగా ఆరు వందల గ్రాముల పైన ఉండే గ్లాక్ 19 కొత్తచేతికి సుఖం. ఇంట్లో పెట్టుకోవడానికే అయితే చిన్నదాని కోసం తాపత్రయపడనక్కర్లేదు. చిన్నది పనికొచ్చేది నడుముకు దాచుకుని తిరిగేవాళ్లకు.

ప్రతి కొత్త పిస్టల్‌కూ మొదట తూటాలు నింపే మ్యాగజీన్‌లో ఒక్క తూటానే వెయ్యండి. తన్నుకు పిడి చేతిలో జారితే కొత్తవాళ్ల వేలు తెలియకుండానే రెండోసారి నొక్కేస్తుంది, అప్పటికి గొట్టం పైకప్పు వైపు ఉంటుంది. ఒకటి కుదిరాక రెండు, తర్వాత అయిదు. పట్టులో రెండు చేతులూ వీలైనంత పైకి ఉండాలి. బొటనవేళ్లు రెండూ ఎడమ పక్కన ముందుకు చాచి ఉండాలి, ఏ బొటనవేలూ స్లైడ్ వెనక అడ్డంగా ఉండకూడదు. ఉంటే స్లైడ్ చర్మం చీలుస్తుంది. రివాల్వర్‌కు మాత్రం బొటనవేళ్లు ముందుకు చాచకూడదు, సిలిండర్ ముందున్న సందులోంచి మండే వాయువు పక్కకు చిమ్ముతుంది.

7 గజాల దూరంలో కాగితం పెట్టండి. అలవాటుకు అయిదు రౌండ్లు, లెక్కకు పది. తుపాకీ మారినప్పుడల్లా కాగితం మార్చి, పైన పెన్నుతో దాని పేరూ ఎన్నోదిగా పేల్చారో కూడా రాయండి. పది కన్నాలూ అరచేతి కింద దాగితే మొదటి రోజుకు బ్రహ్మాండం. గుంపు మధ్యలో పడిందా లేదా అని చూడకు, అద్దె తుపాకుల మీద గురి చూసే సైట్లు జరిగి ఉండొచ్చు. గుంపు ఎంత బిగువుగా ఉందో చూడు. కుడిచేతి వాటం వాళ్లకు కన్నాలు ఎడమ కిందికి జారుతుంటే అది తుపాకీ దోషం కాదు, పేలబోతుందని ముందే చెయ్యి కిందికి బిగుస్తోందని. తేల్చుకోవాలంటే అమ్మాయి నీకు తెలియకుండా మ్యాగజీన్‌లో రెండు ఉత్తుత్తి తూటాలు కలపాలి. ఉత్తిది వచ్చినప్పుడు ‘టిక్’మని గొట్టం కిందికి ముక్కితే రోగం బయటపడినట్టే.

వంద రౌండ్లు దాటితే చెయ్యి అలుస్తుంది, కన్నాలు చెదురుతాయి. చివర్న పేల్చినదాని మీద తప్పుడు అభిప్రాయం పడుతుంది. అందుకే రెండు పూటలు అన్నాను. రెండో పూట 9ఎంఎం వాటిని తిరగేసిన వరసలో పేల్చండి. రెండు వరసల్లోనూ ఏది బిగువుగా వచ్చిందో దాన్నే నమ్ము.

అద్దెవి రోజూ వందల రౌండ్లు తింటాయి, తుడిచే నాథుడు ఉండడు. ట్రిగ్గర్ అరిగి కొత్తదానికంటే మెత్తగా ఉంటుంది, గుల్లలు ఇరుక్కుంటాయి. ఒకసారి ఇరుక్కుందని ఆ మోడల్‌ని తిట్టకు. కానీ అదే పిస్టల్ నీకు సాఫీగా పేలి, అమ్మాయి చేతిలో ప్రతిసారీ గుల్ల నిలువుగా ఇరుక్కుంటుంటే అది మణికట్టు వదులు. పిస్టల్ వెనక్కి ఊగితే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. ఆఖరి తూటా తర్వాత స్లైడ్ తెరుచుకుని ఆగకపోతే బొటనవేలు స్లైడ్‌ను ఆపే మీట మీద ఉందేమో చూడండి.

ఏది ఇరుక్కున్నా గొట్టం గురి వైపే ఉంచి, వేలు తీసి, ఎడమచెయ్యి ఎత్తి మనిషిని పిలవండి. నొక్కినా పేలకపోతే 30 సెకన్లు అలాగే పట్టుకుని ఆగాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. ‘తుస్’మని తన్ను లేకుండా పేలితే మాత్రం ఇంకోటి పేల్చొద్దు. తూటా గొట్టంలోనే ఆగి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి వెళితే గొట్టం చీలుతుంది.

బయటికి రాగానే చన్నీళ్లతో, సబ్బుతో చేతులూ మొహం కడుక్కున్నాకే ఏదైనా తినండి. గుమ్మం బయట బూట్లు విప్పడం మనకు ఎలాగూ అలవాటే, సీసపు దుమ్ము కూడా అక్కడే ఆగుతుంది.

కొనే రోజు 21 నిండిన వయసు, గ్రీన్ కార్డు, మీ రాష్ట్రపు ఐడీ కావాలి. కొట్లో నింపే ఫారం 4473లో అసలు కొనేది నువ్వేనా అని అడుగుతారు. వీసా మీదున్న స్నేహితుడు డబ్బిచ్చి నీ పేరు మీద తీసిపెట్టమంటే నీకు 15 ఏళ్ల దాకా జైలు. పిస్టల్‌తో వచ్చే కేబులు తాళం సరిపోదు, గోడకో మంచానికో బిగించే పెట్టె అదే రోజు కొను. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా నిండిన తుపాకీ వదిలేస్తే నేరం.

రేంజికి ఒక సంచి విడిగా పెట్టుకో. దాన్ని ఎన్నడూ ఇండియా ప్రయాణానికి వాడకు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కు దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, పాస్‌పోర్టు ఏ దేశానిదైనా సరే. సంచి పాతదైతే మడతలు కూడా తిరగేసి దులిపి చూడు.

మీ బాబాయి