పేపర్ రోలా, పాత చీర ముక్కా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఫ్లాట్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, ఇద్దరు చిన్న పిల్లలు. వంటింట్లో ఏది ఒలికినా పేపర్ రోల్ చింపడం, తుడవడం, పారేయడం అలవాటైపోయింది, నెలకు ఆరు రోల్స్ అవుతున్నాయి. మొన్న భీమవరం నుంచి మా అత్తయ్య వచ్చి, "డబ్బులు చింపి చెత్తబుట్టలో వేస్తున్నావే అమ్మాయ్" అంటూ తన పాత నూలు చీర ఒకటి ముక్కలు చేసి పెట్టారు. మావారేమో గుడ్డల నిండా క్రిములుంటాయి, పిల్లలున్న ఇంట్లో వద్దు అంటున్నారు. వారం నుంచి ఇదే గొడవ. ఎవరి మాట వినాలండీ?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు అత్తయ్యగారు ఇచ్చిన ముక్కల్ని జాగ్రత్తగా దాచుకోండి, అలాంటివి మీకు బజార్లో దొరకవు. కొత్త నూలు గుడ్డకు నేతప్పుడు పెట్టిన గంజి ఉంటుంది, పత్తికి పుట్టుకతో వచ్చే మైనం కూడా కొంత మిగిలి ఉంటుంది, అందుకే కొత్త తువ్వాలుతో గట్టు తుడిస్తే నీళ్లు పీల్చకుండా ఆ చివర నుంచి ఈ చివరకు పరుస్తుంది. పదేళ్లు కట్టి, వందలసార్లు ఉతికిన చీరలో అవన్నీ పోయి దారం మెత్తబడి ఉంటుంది. గట్టు మీద రెండు చెంచాల నీళ్లు పోసి ఆ ముక్క ఊరికే పైన వేసి చూడండి, మీరు చెయ్యి కదపక్కర్లేదు.

ఇక మీవారి భయం. అది ఉత్త భయం కాదు, దాన్ని కొట్టిపారేయకండి. 2018లో మారిషస్ విశ్వవిద్యాలయం వాళ్లు నెలరోజులు వాడిన 100 వంటింటి తువ్వాళ్లను పరీక్షిస్తే 49 తువ్వాళ్లలో బ్యాక్టీరియా పెరిగింది. పేగుల్లో ఉండే ఈ.కోలై ఎక్కడ ఎక్కువ కనిపించిందో చూడండి: ఒకే గుడ్డను నాలుగు పనులకు వాడిన చోట, గుడ్డ తడిగా ఉన్న చోట, మాంసం వండుకునే ఇళ్లలో. అంటే మన ఇళ్లలో రోజూ జరిగేదే. కుళాయి మెడకు ఒక గుడ్డ వేలాడుతుంటుంది, పొద్దున్న దాంతోనే పాలగిన్నె దించుతాం, ఒలికిన టీ తుడుస్తాం, చికెన్ కడిగిన చేతులు తుడుచుకుంటాం, మధ్యాహ్నం పిల్లాడి కంచానికి తడి ఉందని దాంతోనే ఒకసారి రాసి అన్నం పెడతాం. సాయంత్రానికి అది పిండితే జిడ్డు నీళ్లు కారుతుంటాయి, అయినా మళ్లీ కుళాయికే వేస్తాం. ఇలా వాడితే మీవారు అన్నది నిజమే, దానికంటే పేపరే వెయ్యి రెట్లు నయం.

కాబట్టి గుడ్డలు వాడేటట్టయితే రెండు పట్టింపులు పెట్టుకోండి. ఏ పనికి ఆ గుడ్డ, ఏ రోజుకు ఆ రోజు గుడ్డ. ఐదున్నర మీటర్ల చీరను మూరెడు మూరెడు చొప్పున కత్తిరిస్తే పాతిక ముక్కల దాకా వస్తాయి, వారానికి చాలినన్ని ఉన్నట్టే. మా ఇంట్లో అంచు ఉన్న ముక్కలు గట్టుకు, అంచు లేనివి కడిగిన గిన్నెలకు, పాత బనీన్లు నేలకు. ఇంటికెవరైనా వచ్చి సాయం చేయబోయినా అడగకుండానే తెలిసిపోతుంది. రాత్రి వంటగట్టు తుడిచాక ఆ రోజు గుడ్డలన్నీ తీసి ముందు దండెం మీద ఆరేస్తాను, ఆరాక బకెట్లో వేస్తాను. తడివి ముద్దగా బకెట్లో పడేస్తే తెల్లారేసరికి వాసన పట్టేస్తాయి.

మసిగుడ్డ సంగతి విడిగా చెప్పాలి. వేడి గిన్నె దించే గుడ్డ ఎప్పుడూ పొడిగా, మందంగా, నూలుదే ఉండాలి. తడిగుడ్డలోంచి వేడి క్షణంలో దిగుతుంది, గుడ్డలోని నీళ్లే ఆవిరైపోయి వేళ్లు కాలుస్తాయి. ఒకసారి నేను తొందరలో గట్టు తుడిచిన గుడ్డతోనే కుక్కర్ పట్టుకుని దించాను, రెండు వేళ్లు బొబ్బలెక్కి వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాను. పాలిస్టర్ చీర ముక్కలు అసలు పొయ్యి దగ్గరికే రానివ్వకండి, అవి మండడమే కాదు, కరిగి చర్మానికి అతుక్కుంటాయి.

పేపర్ రోల్ పూర్తిగా మానేయమని మాత్రం నేను చెప్పను. పచ్చి చికెన్ నీళ్లు, చేపల రక్తం, పగిలిన గుడ్డు, పిల్లల వాంతి, ఇలాంటివాటికి పేపరే సరైనది, తుడిచి కట్టి పారేయాలి. గారెలు వేయించిన మూకుడును కూడా కడిగే ముందు పేపర్‌తో ఒకసారి తుడిస్తే ఆ నూనె సింకు గొట్టంలోకి పోయి గడ్డకట్టదు. వీటి వరకే వాడితే మీ ఇంటికి నెలకు ఒక రోల్ సరిపోవాలి. వాడిన పేపర్‌ను టాయిలెట్లో మాత్రం వేయకండి. తడిసినా చిరగకుండా ఉండేందుకు దాంట్లో ఒక రకం జిగురు కలుపుతారు, అందుకే టాయిలెట్ పేపర్‌లా నీళ్లలో విడిపోదు, గొట్టాల్లో ఇరుక్కుంటుంది.

గారెల మాట వచ్చింది కాబట్టి: నూనె పీల్చడానికి పేపర్ రోల్ దండగని చాలామంది న్యూస్‌పేపర్ వేస్తారు. దయచేసి వద్దు. ఆ సిరాలో ఒంటికి పడని రసాయనాలు ఉంటాయి, వేడి నూనెకు అవి తిండిలోకి దిగుతాయి. ఆహారం చుట్టడానికి న్యూస్‌పేపర్ వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లోనే ఉంది, 2023లో మళ్లీ గుర్తుచేశారు. చిల్లుల గిన్నె కింద ఒక పళ్లెం పెట్టి గారెలు అందులో వేయండి, పేపరూ అక్కర్లేదు, గుడ్డా అక్కర్లేదు, కారిన నూనె తాలింపుకు పనికొస్తుంది.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. ఈ గుడ్డలు ఎవరు ఉతుకుతారు? పేపర్ వద్దు, గుడ్డ ముద్దు అని ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక ఆ పని చడీచప్పుడు లేకుండా మీ మీదో, పనమ్మాయి మీదో పడుతుంది. ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని చూసుకుంటున్న మనిషి నెలకు ఆరు రోల్స్ వాడిందంటే అది దుబారా కాదు, ఆ గంటలో ఆమెకు దొరికిన ఒకే సాయం అది. అందుకని ముందే మాట్లాడుకోండి. రాత్రి గుడ్డలు ఆరేయడం, ఆదివారం ఉడకబెట్టి ఉతకడం మీవారు తీసుకుంటే ఆయన క్రిముల భయం కూడా ఆయన చేతుల్లోనే తీరుతుంది. పనమ్మాయికి ఇస్తే అది అదనపు పని అని ఒప్పుకుని డబ్బులివ్వండి.

ప్రశ్న: మేం గుడ్డలే వాడతాం. కానీ వర్షాకాలం వస్తే ఎంత సబ్బు పెట్టినా గుడ్డల ముక్కిన వాసన పోవడం లేదు. ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటుంది, తడవగానే మళ్లీ వాసన. టెన్షన్‌గా ఉంది, ఇంటికెవరైనా వస్తే సిగ్గేస్తోంది.
– ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: మీరు సరిగ్గా ఉతకడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. సముద్రపు గాలిలో తడి ఎక్కువ, గుడ్డ ఆరేసరికి ఒక రోజు పడుతుంది, ఆ రోజంతా దారాల మధ్య మిగిలిన జిడ్డు తింటూ బ్యాక్టీరియా పెరుగుతుంది. వాటిలో మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనేదాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 2012లో పట్టుకున్నారు, ఉతికిన బట్టల్లోంచి వచ్చే ఆ వాసనకు ప్రధాన కారణం అదేనట. మామూలు ఉతుకుకూ, ఆరబెట్టడానికీ అది లొంగదు, గుడ్డ తడవగానే మళ్లీ లేస్తుంది.

దానికి మందు చాకిరేవుల్లో ఎప్పటినుంచో ఉన్నదే: ఉడకబెట్టడం. పెద్ద స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, రెండు చెంచాల చాకలి సోడా వేసి, గుడ్డలు మునిగేలా పదిహేను నిమిషాలు మరగనివ్వండి. వంట సోడా కాదు, చాకలి సోడా. అల్యూమినియం గిన్నె వద్దు, ఆ సోడా దాన్ని తినేస్తుంది, గిన్నె నల్లబడిపోతుంది. నీళ్లు పసుపుపచ్చగా మారి పైన జిడ్డు తేలుతుంది, అది చూస్తే ఇన్నాళ్లూ మీ సబ్బు ఎందుకు పని చేయలేదో అర్థమవుతుంది. చల్లారాక రెండుసార్లు జాడించండి. వాసన పోవాలని కొందరు సువాసన ద్రవాలు పోస్తారు, అవి గుడ్డకు పూతలా పట్టి పీల్చే గుణాన్ని పోగొడతాయి. బ్లీచింగ్ ద్రవం వాడేటట్టయితే వేరే దేంతోనూ కలపకుండా వాడండి, వెనిగర్‌తో గానీ బాత్రూం కడిగే యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది.

ఆరేసేటప్పుడు మడత మీద మడత పడకుండా విప్పి, ఫ్యాన్ కింద వేయండి, ఇంకా చెమ్మగా అనిపిస్తే ఇస్త్రీ పెట్టె రాయండి. ముసురు పట్టి మూడు రోజులు ఏదీ ఆరకపోతే ఆ మూడు రోజులూ పేపర్ వాడండి, అందులో తప్పేమీ లేదు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. అమ్మానాన్న ఆరు నెలలకు వచ్చారు. మేం వాడి పారేసిన పేపర్ టవల్‌ను అమ్మ కడిగి, సింకు అంచు మీద ఆరబెట్టి, మళ్లీ వాడుతోంది. వద్దంటే బాధపడుతోంది. ఇది మంచిదేనా?
– ఓ పాఠకుడు, టెక్సాస్

జవాబు: ఉత్త నీళ్లు తుడిచిన టవల్ అయితే ఆరబెట్టి నేల మీద మరకకు వాడుకోవచ్చు, నేను పైన చెప్పిన జిగురు వల్లే అది కడిగినా నిలుస్తుంది. కూరలు, మాంసం తగిలినదైతే వద్దు, అది తడిగుడ్డ కంటే నయమేమీ కాదు. ఈ మాట అమ్మకు నవ్వుతూ కాకుండా నెమ్మదిగా చెప్పండి. ఒక్క చుక్క నీళ్లకు ఒక కాగితం పారేయడం ఆమె చేతికి రాదు, ఆమె పెరిగిన ఇల్లు అలాంటిది. మీరుంటున్న దేశం తీరు వేరు, 2017లో ప్రపంచమంతా ఇళ్ల కోసం కొన్న పేపర్ టవల్స్ ఖర్చు దాదాపు 12 బిలియన్ డాలర్లయితే, అందులో 5.7 బిలియన్లు ఒక్క అమెరికాదే.

నిజానికి గుడ్డలు వాడటం మాకంటే మీకే సులువు. వేడినీళ్ల మెషిన్ ఉంది, డ్రయ్యర్ ఉంది. అక్కడి దుకాణాల్లో ఫ్లార్ శాక్ (పిండి సంచి) టవల్స్ అని పల్చటి నూలు గుడ్డలు డజన్ల లెక్కన అమ్ముతారు, చేతిలోకి తీసుకుంటే మన పంచె గుడ్డలా ఉంటాయి. ఓ డజను కొని అమ్మకే అప్పగించండి. ఒక్క జాగ్రత్త, నూనె బాగా పీల్చిన గుడ్డల్ని జిడ్డు పోకుండా డ్రయ్యర్లో వేసి, వేడివేడిగా కుప్పగా వదిలేయకూడదు, వాటంతటవే రాజుకుని నిప్పంటుకున్న సందర్భాలున్నాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వెదురు గుడ్డల రోల్, మైక్రోఫైబర్ గుడ్డలు చూశాను. పర్యావరణానికి మంచివని రాశారు. కొనమంటారా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇంట్లో పాత నూలు బట్టలు ఉంటే కొనకండి. వెదురు అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోసే. మైక్రోఫైబర్ అంటే పాలిస్టర్, నైలాన్, అద్దాలూ టీవీలూ తుడవడానికి దాన్ని మించింది లేదు, కానీ ఉతికిన ప్రతిసారీ సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి, ఉడకబెడితే పాడైపోతుంది. వంటింటికి నా ఓటు పాత పంచెకే. అన్నట్టు మీది గుంటూరు, కారం ఒలికితే తుడిచిన గుడ్డను వెంటనే విడిగా పడేయండి. మరక ఉతికితే పోతుంది, ఘాటు అంత త్వరగా పోదు, అదే గుడ్డతో పిల్లల మూతి తుడిస్తే వాళ్ల ఏడుపు ఆపడం మన తరం కాదు.

ప్రశ్న: ఈసారి ఆవకాయ మొదటిసారి నేనే పెడుతున్నాను. కాయలు పేపర్ టవల్‌తో తుడిస్తే శుభ్రంగా ఉంటుందా?
– కొత్త కోడలు, రాజమండ్రి

జవాబు: పేపర్ వద్దమ్మా. కాయ ముచ్చిక దగ్గర సొనకు పేపర్ అతుక్కుని పీలికలవుతుంది, అవి ఏరుకుంటూ కూర్చోవాలి. ఉడకబెట్టి ఎండలో కరకరలాడేలా ఆరిన నూలు గుడ్డలు రెండు తీసుకో, ఒకదాంతో కాయల తడి తుడువు, రెండోది ముక్కలు కొట్టాక లోపలి జీడీ, పొరా తీసేసి ఒక్కో ముక్కనూ తుడవడానికి. మధ్యలో గుడ్డ చెమ్మగిల్లితే మార్చేయి, చుక్క తడి ఉన్నా బూజు పడుతుంది. జాడీకి వాసెన కట్టే గుడ్డ కూడా పొడిదే, రెండు మడతలు వేసి కట్టు, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు దానికి నూనె అంటి ఉంటే తీసేసి ఇంకొకటి కట్టు.